గూడ్సు బండి వెళ్తున్నంతసేపు

ఆ సినిమా చూసినవాళ్లు మహా అయితే కొన్ని వందలమంది ఉంటారు. యుద్ధం ముగిసిన రెండో ఏడు విడుదలైంది. ఆరు రోజులు ఆడింది. ఏడో రోజు అదే హాల్లో ఏదో కామెడీ సినిమా వేశారు. నలభై రెండేళ్ల తర్వాత దాని డబ్బాలు నా బల్ల మీదికి వచ్చేసరికి, మా రిజిస్టర్లో దాని పేరు కూడా తప్పుగా రాసుంది.

పాత సినిమాలకి వైద్యం చేయడం నా ఉద్యోగం. ఫిల్ము దాచే గిడ్డంగిలో, ఎప్పుడూ చలిగా ఉండే ఒక పొడుగాటి గదిలో కూర్చుంటాను. చిరిగిన చోట అతుకు వేస్తాను, బూజు తుడుస్తాను, ముడుచుకుపోయినదాన్ని సాగదీస్తాను. డబ్బా మూత తీయగానే వచ్చే వాసనని బట్టి లోపలిది బతుకుతుందో లేదో చెప్పేయగలను. ఈ సినిమా బతికే రకమే. తొమ్మిది రీళ్లలో బొమ్మ అంతా బాగానే ఉంది. మాటలు వేరే ఫిల్ము మీద ఉంటాయి. అందులో ఆఖరి రీలు మాత్రం పోయింది. డబ్బా తెరిస్తే గోధుమరంగు పొడి, అంతే.

కథ చిన్నది. ఒక సిపాయి యుద్ధం నుంచి అన్నీ మర్చిపోయి వస్తాడు. సొంత ఇంటికే అద్దెకి దిగుతాడు. ఇంటావిడ తన భార్యేనని అతనికి తెలీదు. ఒత్తిడి చేయొద్దని డాక్టరు హెచ్చరించాడు కాబట్టి ఆమె చెప్పదు. ఆఖరి రీల్లో రైల్వే స్టేషన్లో బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటారు. వాళ్ల వెనక ఒక గూడ్సు బండి వెళ్తూ ఉంటుంది. అది వెళ్తున్నంతసేపు, దాదాపు మూడు నిమిషాలు, ఆమె మాట్లాడుతుంది, అతను వింటాడు. బండి వెళ్లిపోతుంది. అతను ఆమె చెయ్యి పట్టుకుంటాడు. సినిమా అయిపోతుంది.

నేను ఈ పనిలోకి వచ్చి పందొమ్మిదేళ్లయింది. ఏడిపించే సినిమాలు చూసి చూసి నా కళ్లు గట్టిపడ్డాయి. అలాంటిదాన్ని ఆ మూడు నిమిషాలూ మొదటిసారి చూసినప్పుడు రీలు తిప్పే బల్ల ఆపి, కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఆ పిల్ల నటించడం లేదనిపించింది. ఆమెకి అదొక్కటే సినిమా. అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

అదృష్టం కొద్దీ టైపు చేసిన స్క్రిప్టు, డబ్బాలతో పాటు వచ్చిన ఫైల్లో దొరికింది. ఆఖరి రీలుకి శబ్దం లేకపోయినా ఆ మాటలు తెర కింద అచ్చు వేయొచ్చు కదా అనుకున్నాను. ఏ మాట ఎక్కడ మొదలవుతుందో చూద్దామని స్క్రిప్టు పక్కన పెట్టుకుని రీలు మెల్లగా తిప్పాను. మొదటి మాట దగ్గరే చిక్కొచ్చింది. స్క్రిప్టులో ‘మీరు మర్చిపోయినా ఫర్వాలేదు’ అని ఉంది. ‘మీ’ అనాలంటే ఎవరైనా పెదవులు మూసి తెరవాల్సిందే. ఆమె పెదవులు మూసుకోలేదు. తర్వాతి వాక్యమూ అంతే, ఆ తర్వాతిదీ అంతే. ఒక్కటీ కుదరలేదు.

ఫైల్లో పత్రిక ముక్క ఒకటుంది. అప్పట్లో ఎవరో సమీక్షకుడు రాసింది: ‘చివరి ఘట్టంలో నాయిక పెదవులది ఒక దారి, మాటలది ఒక దారి. హాల్లో నవ్వులు వినిపించాయి.’ అంటే ఆ రోజుల్లోనే పొంతన లేదన్నమాట. మరి ఆ బెంచీ మీద కూర్చుని ఆ పిల్ల అసలు ఏం మాట్లాడింది?

నాకు మా అత్త గుర్తొచ్చింది.

మా నాన్న చెల్లెలు. ఏడేళ్లప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. చెవిటి పిల్లల బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైంది. పెదవులు చూసి మాట పట్టడంలో ఆవిడని మించినవాళ్లని నేను చూడలేదు. వీధి అవతల ఇద్దరు గొడవపడుతుంటే కిటికీలో కూర్చుని మాకు వినిపించేది. మా అమ్మకి ఆడపడుచు మీద చాడీలు చెప్పాలనిపిస్తే పాపం గోడవైపు తిరిగి చెప్పుకోవాల్సి వచ్చేది.

కబురు పెడితే అత్త వచ్చి బల్ల ముందు కూర్చుని కళ్లజోడు తుడుచుకుంది.

“ముందే చెప్తున్నానే, సగం చూస్తాను, సగం ఊహిస్తాను. పాప అన్నా మామ అన్నా పెదవుల మీద నాకు ఒకటే. వెనకా ముందూ చూసుకుని పట్టుకోవాలి. ఊరికే తొందర పెట్టకు.”

ఆవిడ గొంతులో ఎత్తూ పల్లం ఉండదు. అన్ని మాటలూ ఒకే తీరున పలుకుతుంది. రీలు తిప్పాను. ఒకసారి చూసింది. రెండోసారి తిప్పమంది. మూడోసారి అయ్యాక నావైపు తిరిగింది.

“ఈ అమ్మాయి అతన్ని నువ్వు అంటోంది. నీ కాగితంలో ఏముంది?”

“మీరు.”

“కాదు. నువ్వు. రాసుకో.”

రెండు రోజులు పట్టింది. ఒక్కో వాక్యానికి ఇరవైసార్లు రీలు వెనక్కి తిప్పాను. అత్త చెప్తుంటే రాశాను. చివరికి కాగితం మీద మిగిలింది ఇది:

‘నువ్వు నన్ను అడక్కు. అడిగితే చెప్పేస్తాను. నీ పేరు ఇది కాదు. నీ పేరు —. మీ అమ్మ పెట్టింది. మన వీధి చివర నీళ్ల పంపు ఉండేది. ఇప్పుడు పంపూ లేదు, వీధీ లేదు. ఆవేళ వంతెన దిగుతుంటే నీ సైకిలు చైను ఊడింది. అది ఎక్కించి, ఆ చేతులతోనే నా ముఖం పట్టుకున్నావు. రెండు బుగ్గల మీదా నీ వేళ్లు. అలాగే ఇంటికెళ్లాను. పొయ్యి మసి అని అమ్మకి అబద్ధం చెప్పాను. —, తిరిగొస్తానన్నావు. వచ్చావు. నన్ను గుర్తుపట్టి రాలేదు. అయినా వచ్చావు. ఇది ఇప్పుడొక్కసారే చెప్తాను. బండి అయిపోతోంది. —. —.’

గీతలు పెట్టిన నాలుగు చోట్లా ఒకటే మాట. అత్తకి అది దొరకలేదు.

“ఇది మాట కాదే, పేరు,” అంది. “మొదటి అక్షరానికి పెదవులు కలుస్తాయి. రెండోదానికి నాలుక కనిపిస్తుంది. మూడోది లోపలెక్కడో ఉంది. మాటైతే ఊహించగలను. పేరుని ఊహించలేం.”

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “అంత రైలు చప్పుడులో పక్కనున్నవాడికి కూడా వినపడి ఉండదు. అవునా?” అని అడిగింది.

“అవునత్తా. ఏమీ వినపడదు.”

“అయితే ఈ మాట మొదట నాకే చేరింది,” అంది అత్త.

ఆ పిల్ల ఆ మాటలు గాల్లోకి వదిలిన నలభై రెండేళ్లకి, ప్రపంచంలో మొట్టమొదట అందుకున్న మనిషికి చెవులు లేవు.

ఆమెని వెతకడానికి రెండు వారాలు పట్టింది. సినిమా కంపెనీ ఎప్పుడో మూతపడింది. కానీ ఫైల్లోని పనివాళ్ల జాబితాలో ఆమె పేరు రెండు చోట్ల ఉంది. ఒకచోట నాయిక అని, ఇంకోచోట దుస్తులు కుట్టే విభాగం అని. కుట్టుపనివాళ్ల సంఘానికి వెళ్లి వాళ్ల పాత పుస్తకాలు తిరగేశాను. ఆమె చనిపోలేదు, ఊరూ వదల్లేదు. మా గిడ్డంగికి నాలుగు ట్రాము స్టాపుల దూరంలో ఉంది.

చిన్న దుకాణం. కుడివైపు కుట్టుమిషను, హ్యాంగర్లకి వేలాడుతున్న కోట్లు. ఎడమవైపు గోడకి చేరేసిన గాజు పలకలు. వెనక గదిలోంచి గాజు కోస్తున్న గీరుడు చప్పుడు వస్తోంది. ఆవిడకి అరవై ఐదు పైనే ఉంటాయి. ఆ బెంచీ మీది ముఖాన్ని వందసార్లు చూసినదాన్ని కాబట్టి గడప దాటకముందే గుర్తుపట్టాను.

“ఏం కుట్టాలమ్మా?” అంది తల ఎత్తకుండా.

“కుట్టడానికి కాదండీ. మీ సినిమా దొరికింది.”

మిషను తొక్కుతున్న కాలు ఆగింది. నేను కాగితం అందించాను. లేచి నిలబడి, వెలుతురు కోసం తలుపు దగ్గరికి వెళ్లి చదివింది. రెండుసార్లు చదివింది.

“ఎవరు విన్నారు ఇది?”

“ఎవరూ వినలేదండీ. మా అత్త చూసింది. ఆవిడకి చెవులు వినపడవు.”

ఆవిడ మళ్లీ కాగితం వైపు చూసింది. తర్వాత వేలితో ఒక మాట మీద తట్టింది. “పొయ్యి మసి కాదు. బొగ్గు మసి అన్నాను. మిగతా అంతా సరే.” “కాస్త మెల్లగా మాట్లాడమ్మా. లోపల ఆయన ఉన్నారు.”

“ఆయనంటే…”

“ఆయనే.”

అప్పుడు చెప్పింది. కోటు ఒకటి ఒళ్లో వేసుకుని, గుండీలు విప్పుతూ పెడుతూ.

వాళ్లిద్దరిదీ ఒకే వీధి. యుద్ధంలో ఆ వీధి నేలమట్టమైంది. ఆవిడవాళ్లు, అతనివాళ్లు, ఇరుగూ పొరుగూ ఒక్కరూ మిగల్లేదు. ఆ రోజు కుట్టు ఫ్యాక్టరీలో ఉండబట్టి ఆవిడ బతికింది. యుద్ధం అయ్యాక సినిమా కంపెనీలో చేరింది. గుంపు వేషాలకి నిజమైన సిపాయిలైతే బాగుంటుందని డైరెక్టరు అంటే, కొలతల కోసం టేపు పట్టుకుని సైనికుల ఆసుపత్రికి వెళ్లింది. పదకొండో మంచం మీద అతను కూర్చుని ఉన్నాడు.

“చనిపోయాడనే అనుకున్నానమ్మా. దగ్గరికి పరిగెత్తాను. ఆయన నన్ను చూసి గోడకి జరిగి, మీరు కూడా నన్ను ఎవరో అనుకుని వచ్చారా అన్నారు.”

అప్పటికి ముగ్గురు తల్లులు వచ్చారట, తమ కొడుకే అనుకుని. ఒకావిడ ఇంటికి కూడా తీసుకెళ్లింది. పదిరోజులయ్యాక, అసలు కొడుకు చనిపోయాడని కాగితం వస్తే, ఏడుస్తూ మళ్లీ తీసుకొచ్చి దింపేసింది. అప్పట్నుంచి ఎవరైనా గుర్తుపట్టినట్టు చూస్తే చాలు, అతనికి చెమటలు పట్టి నోట మాట పడిపోయేది. ఎవరినీ పంపొద్దని డాక్టరుని బతిమాలుకున్నాడట.

“నేనేం చేయను? మెడలో టేపు ఉంది. లేదండీ, సినిమాలో వేషానికి కొలతలు తీసుకోవడానికి వచ్చాను, అన్నాను. ఆయన ఊపిరి వదిలి, చేతులు చాపి నిలబడ్డారు. కొలతలు తీశాను. ఆ భుజాల కొలత నాకు తెలియనిదా! అయినా తీశాను.”

గుంపులో వేషానికి వెళ్లిన మనిషిని డైరెక్టరు చూసి, నాకు కావాల్సిన సిపాయి ఇతనే అన్నాడు. నాయికగా కుదిరిన నటి వారానికే, ఈ రాయితో నటించలేనని వెళ్లిపోయింది. అతను పెదవి విప్పేది బట్టలు తొడిగే పిల్ల దగ్గర మాత్రమే. దాంతో ఆ పిల్లనే బెంచీ మీద కూర్చోబెట్టారు.

“ఆ రోజు డైరెక్టరుగారు, ఈ చప్పుడులో ఎలాగూ రికార్డింగు లేదు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, తర్వాత మాటలు పెట్టుకుందాం అన్నారు. బండి వచ్చింది. మాట్లాడాను. అయిపోయాక, అంతసేపు ఏమన్నారండీ అని ఈయన అడిగారు. ఏదో నోటికొచ్చింది అన్నాను. మూడు నెలలకి పెళ్లి చేసుకున్నాం. మనం కలిసింది ఆసుపత్రిలో కదా అంటుంటారు. అవునంటాను.”

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?”

“రోజూ అనిపించింది. మొదట్లో భయం, గోడకి జరిగిపోతారేమోనని. తర్వాత సిగ్గు. ఇన్నాళ్లూ దాచావా అంటే ఏం చెప్పను?”

స్క్రిప్టులో ఉన్న మాటలే వేసేస్తానని, ఎవరికీ తెలియదని చెప్పాను. ఆవిడ వెనక గదివైపు చూసింది. “నాలుగు రోజులు టైమివ్వు,” అంది.

ఐదో రోజు ఉదయం ఇద్దరూ గిడ్డంగికి వచ్చారు. ఆయన పొడగరి, కాస్త వంగిన నడుము, కోటు జేబులో మడతపెట్టిన కొలబద్ద. పాత సినిమా చూడటానికి వచ్చానని హుషారుగా ఉన్నాడు. ఆయన కారిడార్లో కిటికీలు చూస్తుండగా ఆవిడ నన్ను పక్కకి లాగింది.

“నీళ్ల పంపు మా వీధికి కుడిపక్కనా ఎడమపక్కనా అని నిన్న గంటసేపు ఆలోచించానమ్మా. గుర్తు రాలేదు. ఆయన చిన్నతనం మొత్తం నా ఒక్కదాని తలలో ఉంది. నేనూ మర్చిపోతే, ఆ కుర్రాడు ఇంకెక్కడా ఉండడు. వేసెయ్యి.”

మాటలు ఇంకా అచ్చు వేయలేదు. అందుకని అత్తని పిలిపించాను. చిన్న ప్రొజెక్షను గదిలో నలుగురమే. బొమ్మ పడింది. బెంచీ, వెనక గూడ్సు పెట్టెలు. శబ్దం లేదు. ఆయన నవ్వుతూ, “అబ్బో, ఎంత సన్నగా ఉన్నాను,” అన్నాడు. అంతలో అత్త మొదలుపెట్టింది. తెర మీది పెదవులతో పాటే, ఆ ఎత్తూ పల్లం లేని గొంతుతో.

“నువ్వు నన్ను అడక్కు. అడిగితే చెప్పేస్తాను. నీ పేరు ఇది కాదు. నీ పేరు…”

అత్త ఆగింది. ఆ మాట ఆవిడ దగ్గర లేదు. చీకట్లో, ఆయన పక్క కుర్చీలోంచి, ఆవిడ ఆ పేరు పలికింది.

నేను విన్నాను. దాన్ని ఇక్కడ రాయను. అది వాళ్ల సొత్తు.

అత్త కొనసాగించింది. పంపు, వంతెన, సైకిలు, బుగ్గల మీద వేళ్లు. మళ్లీ ఆగింది, మళ్లీ ఆవిడ పలికింది. తెర మీద ఇరవై మూడేళ్ల పిల్ల పెదవులు, అత్త గొంతు, ముసలావిడ నోట పేరు. మూడూ కలిసి ఒక మనిషి మాట్లాడుతున్నట్టయింది. నేను ప్రొజెక్టరు పక్కన నిలబడి ఉన్నాను. పందొమ్మిదేళ్లుగా నేను ఫిల్ముని ఫిల్ము లాగే చూశాను. ఒక మనిషి ప్రాణాన్ని అది అన్నేళ్లు అలా డబ్బాలో మోయగలదని నాకు ఆ రోజే తెలిసింది.

రీలు అయిపోయింది. లైటు వేశాను. ఆయన లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ లేవబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు సందులోంచి చూశాను. కారిడార్లో కిటికీ దగ్గర నిలబడి, వదులైన అద్దం ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. ఒక అద్దం, తర్వాత ఇంకో అద్దం. మొత్తం వరసంతా నొక్కి చూశాడు.

లోపలికి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

“అంతా నిజమా?”

“నిజమే.”

“నలభై రెండేళ్లు. నాకు చెప్పాలనిపించలేదా?” కోపంగానే అన్నాడు. ఆ కోపాన్ని ఆవిడ తల వంచుకుని తీసుకుంది.

“నువ్వే అడిగావుగా,” అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అంది. “నన్ను ఎవరో అనుకుని వచ్చారా అని. నిన్ను ఇంకెవరో అనుకుని రాలేదు. నువ్వని తెలిసే వచ్చాను. ఆ మాట చెబితే నువ్వు బతకవనిపించింది.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పేరుని మెల్లగా ఒకసారి పలికాడు. ఒత్తు ఎక్కడ వేయాలో ఆవిడ సరిదిద్దింది. మళ్లీ పలికాడు.

“నేనెలాంటివాణ్ని?”

ఆవిడ ఆలోచించింది. “గొప్పలు పోయేవాడివి. ఈత రాదు, వచ్చని ఊరంతా చెప్పేవాడివి.”

ఆయన పక్కున నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ముఖం మారిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతుల వెనక నుంచే అడిగాడు: “మా అమ్మ?”

“చెప్తాను. ఇంటికి పద.”

ఆ సినిమాని ఆ ఏడాది మా గిడ్డంగి హాల్లో నాలుగుసార్లు వేశాం. ఆఖరి రీలు కింద ఆవిడ మాటలే అచ్చు వేశాం. పేరు వచ్చే నాలుగు చోట్లా తెర కింద ఖాళీ వదిలేశాం, వాళ్లు అలా కోరారు. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ హాల్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా ఉండేది కాదు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఒకరోజు ఆయన మా కారిడార్లోని వదులు అద్దాలు బిగించడానికి పనిముట్ల సంచితో వచ్చాడు. నేను ఉండబట్టలేక, ఏమైనా గుర్తొచ్చిందా అని అడిగాను.

“ఏమీ రాలేదమ్మా. ఒక్కటీ రాలేదు,” అన్నాడు, చట్రానికి లప్పం పూస్తూ. “రోజూ కాస్త కాస్త చెప్తుంది. నేనలా చేసుండనంటాను. చేశావు, నేను చూశానంటుంది.”

లప్పం కత్తిని అద్దం అంచున సాఫీగా ఒక్క లాగు లాగాడు.

“నిన్న మా అమ్మ గురించి చెప్పింది. ఆవిడది ఎడమచేతి వాటమట. అన్నీ ఎడంచేత్తోనే చేసేదట.” పని ఆపి, కత్తి పట్టుకున్న తన ఎడమచేతిని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. “చూడమ్మా,” అన్నాడు.